కన్నీరు విశ్వాసానికి విరుద్ధమా?

స్వస్థతను, సాంత్వనను ప్రసాదించే అల్లాహ్‌ను స్తుతిస్తూ, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురవాలని వేడుకుంటూ ఈ నాలుగు మాటలు ప్రారంభిస్తున్నాం.



కొంతకాలం క్రితం మేము ఒక రోగిని పరామర్శించడానికి వెళ్ళాం. ఆమె మాకు అక్కలాంటిది. ఆపా అని పిలుస్తాం. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. మంచం పక్కన కూర్చొని పావుగంట సేపు సహనం గురించి చెప్పాం. హజ్రత్ అయ్యూబ్ (అలైహి) గాథ వినిపించాం. ఆపా తల వంచుకొని అంతా వింది. చివర్లో "ఇన్షా అల్లాహ్" అంది. మంచి పని చేశామనుకొని తిరిగి వచ్చాం.

నెల తిరక్కముందే ఆమె కూతురు ఫోన్ చేసింది. "అమ్మీ అన్నం ముట్టడం లేదు. రాత్రంతా గోడ వైపు చూస్తూ కూర్చుంటోంది. నమాజు కూడా మానేసింది. మీరొచ్చి కాస్త నచ్చజెప్పండి" అంది. మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఏమీ చెప్పలేదు, ఊరికే కూర్చున్నాం. చాలాసేపటికి ఆపాయే నోరు విప్పింది.

"భాయీ, ఆ రోజు మీరు వెళ్ళాక చాలా ఏడ్చాను. అయ్యూబ్ ప్రవక్తలా నేను ఓర్చుకోలేకపోతున్నాను. నా ఈమాన్ పోయిందేమో! ఈమాన్ పోయినదాన్ని ఏ మొహం పెట్టుకొని జానమాజ్ మీద నిలబడను?"

ఆ మాట మమ్మల్ని దోషులుగా నిలబెట్టింది. మేము మందు అనుకొని ఇచ్చింది ఆమె గాయాన్ని మరింత లోతు చేసింది. మేము చెప్పిన గాథ సత్యమే. కానీ సగమే చెప్పాం. ఆ మిగిలిన సగాన్ని ఈ రోజు మీ ముందుంచాలన్నదే మా ప్రయత్నం.

ప్రవక్తలు దుఃఖించలేదా?

హజ్రత్ అయ్యూబ్ (అలైహి) నోరు మెదపకుండా కూర్చోలేదు. తనకు బాధ కలిగిందని, తన ప్రభువు కరుణించేవారందరిలోకీ గొప్ప కరుణామయుడని మొరపెట్టుకున్నారని దివ్యఖుర్ఆన్ అంబియా సూరా తెలియజేస్తుంది. ఆ మొరను అల్లాహ్ ఆలకించాడు. సాద్ సూరాలో ఆయన్ని సహనశీలిగా కొనియాడాడు కూడా. అంటే బాధను బాధ అని చెప్పుకోవడం వల్ల ఆయన సహనానికి ఏ లోటూ రాలేదు.

హజ్రత్ యాఖూబ్ (అలైహి) సంగతి చూడండి. కుమారుడు యూసుఫ్ కోసం దుఃఖించి దుఃఖించి ఆయన కళ్ళు తెల్లబడిపోయాయని యూసుఫ్ సూరా చెబుతోంది. ఇంకెంతకాలం ఈ తలపోత అని ఇంట్లోవాళ్ళు విసుక్కున్నారు. అల్లాహ్ మాత్రం ఆయన్ని విసుక్కోలేదు. అంత శోకంలోనూ ఆయన ప్రవక్తగానే ఉన్నారు. అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని కొడుకులకు హితవు చెప్పింది కూడా ఆయనే.

హజ్రత్ మర్యమ్ (అలైహి) ప్రసవవేదనలో, లోకనింద భయంలో, ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని అన్నారు. ఆ సమయంలో అల్లాహ్ ఆమెకు ఎలా బదులిచ్చాడు? నీ విశ్వాసం ఏమైందని మందలించలేదు. దుఃఖించవద్దని ఓదార్చి, ఆమె పాదాల చెంత ఒక సెలయేరును చూపించాడు. చెట్టునుండి తాజా ఖర్జూరాలు రాలేలా చేశాడు. తినమని, తాగమని, కళ్ళు చల్లబరచుకోమని చెప్పించాడు. జనానికి జవాబు చెప్పుకునే భారాన్ని కూడా ఆమె మీద పెట్టలేదు. రోగి మంచం పక్కన కూర్చునే ప్రతి ఒక్కరూ మర్యమ్ సూరాలోని ఈ ఆయతులను ఒకసారి శ్రద్ధగా చదువుకోవాలి. నీళ్ళు, ఆహారం, ఓదార్పు, నిశ్శబ్దం. దైవం ఎంచుకున్న వరుస ఇది.

ఇక మన ప్రియప్రవక్త (స). హజ్రత్ ఖదీజా (రజి), పినతండ్రి కాదు, పెదనాన్న అబూతాలిబ్ ఇద్దరూ ఒకే ఏడాది దూరమైతే ఆ సంవత్సరాన్ని చరిత్రకారులు దుఃఖ సంవత్సరమనే పిలిచారు. పసివాడైన కుమారుడు ఇబ్రాహీమ్ ఒడిలో ప్రాణం విడుస్తుంటే ఆయన కన్నీరు కార్చారు. అది చూసి ఆశ్చర్యపోయిన సహాబీతో అది కారుణ్యమని చెప్పారు. తానే జ్వరంతో బాధపడుతున్నప్పుడు, మామూలు మనుషులు ఇద్దరికి వచ్చేంత జ్వరం తనకు వస్తుందని హజ్రత్ ఇబ్నె మస్‌వూద్ (రజి)కి దాచకుండా చెప్పారు. చింతనుండి, దుఃఖంనుండి అల్లాహ్ శరణు కోరడం ఆయన తరచుగా చేసే దుఆలలో ఒకటి. చింత, దుఃఖం విశ్వాసులకు అంటనివే అయితే వాటినుండి శరణు కోరడం దేనికి?

దుఃఖం వేరు, దుఃఖరోగం వేరు

క్యాన్సర్ అని తెలిసిన రోజున గుండె జారని మనిషి ఉండడు. ఏడుపు వస్తుంది. నిద్ర పట్టదు. "నాకే ఎందుకు?" అనిపిస్తుంది. ఇది సహజం. చాలామందిలో రోజులు గడిచేకొద్దీ, చికిత్స ఒక దారిన పడేకొద్దీ ఈ కలత నెమ్మదిస్తుంది.

కొందరిలో నెమ్మదించదు. రెండు వారాలు దాటినా రోజంతా దిగులే. మనవడు వచ్చి ఒళ్ళో కూర్చున్నా సంతోషం కలగదు. నేను ఇంటికి భారం, నేను పనికిరానిదాన్ని అన్న ఆలోచన వదలదు. దీన్నే వైద్యులు డిప్రెషన్ అంటారు. మరికొందరికి భయమే రోగమవుతుంది. స్కానింగ్ తేదీ దగ్గరపడుతుంటే గుండె దడ, చెమటలు, ఊపిరాడనట్టు ఉండడం. చికిత్స పూర్తయిన వాళ్ళలో కూడా, ఒంట్లో ఎక్కడ చిన్న నొప్పి వచ్చినా జబ్బు తిరగబెట్టిందేమోనన్న భయం ఏళ్ళ తరబడి వెంటాడుతుంది.

ఇది ఎక్కడో ఒకరిద్దరి సమస్య కాదు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన 94 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించిన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఆసుపత్రుల్లో క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారిలో ప్రతి 10 మందిలో ముగ్గురు నలుగురికి ఏదో ఒక రకమైన మానసిక రుగ్మత ఉన్నట్టు అందులో తేలింది. ఇంతమందికీ ఈమాన్ తక్కువై ఈ జబ్బు వచ్చిందనగలమా?

దీనికి శారీరక కారణాలు కూడా ఉంటాయి. తగ్గని నొప్పి మనసును కుంగదీస్తుంది. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ మందులు కొందరికి నిద్రను చెడగొట్టి చిరాకును పెంచుతాయి. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా మనిషిని నీరసపరిచి దిగులులా కనిపిస్తాయి. వీటిని పరీక్ష చేసి కనిపెట్టవలసింది డాక్టరు. మనం చూసి తీర్పు చెప్పే విషయం కాదు.

మనసుకు వైద్యం మన ధర్మానికి కొత్త కాదు

"శరీరానికి మందు సరే, మనసుకు దుఆ చాలదా?" అని కొందరు అడుగుతారు. దుఆ తప్పకుండా చేయాలి. కానీ వైద్యం చేయించుకోమని ఆదేశించింది ప్రవక్త (స) గారే. అల్లాహ్ నివారణ లేకుండా ఏ వ్యాధినీ పంపలేదని ఆయన ప్రవచించారు. ఆ మాటలో శరీరవ్యాధి, మనోవ్యాధి అన్న విభజన లేదు.

హజ్రత్ ఆయిషా (రజి) రోగులకూ, అయినవారిని పోగొట్టుకొని దుఃఖిస్తున్నవారికీ తల్బీనా చేయించి పెట్టేవారు. బార్లీ పిండితో పల్చగా కాచే జావ అది. అది రోగి హృదయానికి ఊరటనిస్తుందని, దుఃఖాన్ని కొంత తొలగిస్తుందని ప్రవక్త (స) చెప్పగా విన్నానని ఆమె తెలిపారు. బుఖారీ గ్రంథంలో ఈ హదీసు ఉంది. దుఃఖానికి కూడా ఉపచారం చేయవచ్చని ప్రవక్త (స) మనకు ఆనాడే నేర్పారు.

తర్వాతి తరాల ముస్లింలు ఈ పాఠాన్ని మరచిపోలేదు. క్రీస్తుశకం 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరారోగ్యాన్నీ, మనసు ఆరోగ్యాన్నీ కలిపి ఒక గ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖం ఒకటి, కారణం తెలియకుండా మనిషిని ఆవరించే దుఃఖం మరొకటి అని అందులో వేరుచేసి చూపారు. సిరియాలోని హలబ్ నగరంలో 1354లో కట్టిన ఆసుపత్రిలో మానసిక రోగుల గదుల మధ్య నీటి ఫౌంటెన్లు ఏర్పాటు చేశారు. నీటి సవ్వడి మనసుకు హాయినిస్తుందని వాళ్ళు నమ్మారు. అలాంటి వారసత్వం ఉన్న మనం ఈ రోజు దిగులుతో ఉన్న రోగిని చూసి జిన్ పట్టిందనో, ఎవరో చేతబడి చేయించారనో బాబాల దగ్గరికి పరుగెత్తడం ఎంత విచారకరం! ఖుర్ఆన్ పఠించి రోగిపై ఊదడం సున్నతే. కానీ అది మందుకు తోడుగా చేసేదే తప్ప మందు మాన్పించడానికి కాదు. తాయెత్తుల పేరుతో వేలు గుంజి కీమో మాన్పించే వాళ్ళను దగ్గరికి రానివ్వకండి.

రోగి మనసును తొలిచే మూడు ప్రశ్నలు

మొదటిది: "ఇది నా పాపాలకు శిక్షా?" ముస్లింకు కలిగే అలసట, వ్యాధి, చింత, దుఃఖం, మనోవేదన, చివరికి ముల్లు గుచ్చుకున్నా సరే, వాటి ద్వారా అల్లాహ్ అతని పాపాలను తుడిచివేస్తాడని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఆ జాబితాను మరోసారి చూడండి. శరీర వ్యాధితో పాటు మనసు పడే బాధలు కూడా అందులో ఉన్నాయి. మీరు రాత్రిళ్ళు పడే దిగులు కూడా అల్లాహ్ దగ్గర లెక్కలో ఉంది. కాబట్టి రోగిని చూడవచ్చి "ఏం పాపం చేశావో!" అనడం మూర్ఖత్వమే కాదు, క్రూరత్వం కూడా.

రెండవది: "ఆరాధనలు చేయలేకపోతున్నాను, నా గతి ఏమిటి?" నిలబడి చేయలేకపోతే కూర్చొని, కూర్చోలేకపోతే పక్కకు తిరిగి పడుకొని నమాజు చేయమని వ్యాధిగ్రస్తుడైన ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కి ప్రవక్త (స) చెప్పారు. రోగికి రోజాల నుండి మినహాయింపు బఖరా సూరాలోనే ఉంది. కోలుకున్నాక ఖజా చేసుకోవచ్చు. కోలుకునే ఆశ లేనివారు ఫిద్‌యా ఇవ్వవచ్చు. అంతేకాదు, దాసుడు జబ్బు పడినప్పుడు, ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే సత్కార్యాల పుణ్యం అతని ఖాతాలో రాయబడుతూనే ఉంటుందని హదీసు. మంచంలో ఉన్న మీ పుణ్యాల పుస్తకం మూతపడలేదు.

మూడవది, పైకి చెప్పుకోలేనిది: "నేను పోతే బాగుండు." కష్టం వచ్చిందని చావును కోరుకోవద్దని ప్రవక్త (స) వారించారు. అయితే ఆ మాట తప్పనిసరిగా అనాలనిపించేంత బాధ మనిషికి వస్తుందని కూడా ఆయన ఎరుగుదురు. అందుకే, జీవితం మేలైనంతకాలం బ్రతికించమని, మరణం మేలైనప్పుడు మరణాన్నివ్వమని వేడుకొనే పద్ధతిని నేర్పారు. మన ప్రాణం అల్లాహ్ అమానత్. దాన్ని మనంతట మనం తీసుకోవడం నిషిద్ధం. ఇందులో రెండో మాట లేదు.

కానీ రోగి నోట ఈ మాట వచ్చినప్పుడు "తౌబా తౌబా, అలా అనకూడదు" అని నోరు మూయించకండి. నెమ్మదిగా పక్కన కూర్చొని, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటపడుతుంది. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. మందులు మీ చేతుల్లో ఉంచుకోండి. అదే రోజు డాక్టరుకు చెప్పండి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ టెలీమానస్ సేవ 14416 నంబరుపై రాత్రింబవళ్ళు ఉచితంగా పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడవచ్చు. పోలీసు కేసవుతుందన్న భయంతో దాచకండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించక చికిత్స అందించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

ఇలాంటి విషాదం జరిగిపోయిన ఇళ్ళకు కూడా ఒక మాట. తుఫైల్ బిన్ అమ్ర్ (రజి) వెంట హిజ్రత్ చేసిన ఒక వ్యక్తి మదీనాలో జబ్బుపడి, తట్టుకోలేక తన చేతులతో తానే ప్రాణానికి హాని చేసుకున్నాడు. హిజ్రత్ కారణంగా అల్లాహ్ అతన్ని క్షమించాడని, చేతులు మాత్రం కప్పబడి ఉన్నాయని తుఫైల్ (రజి) కలలో చూశారు. ఆ సంగతి విన్న ప్రవక్త (స) అతని చేతులను కూడా క్షమించమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ముస్లిం గ్రంథంలోని హదీసు ఇది. చేసిన పని సరైనదని ఎవరూ అనలేదు. కానీ ప్రవక్త (స) చేతులెత్తి దుఆ చేసినచోట మనం నరకతీర్పులు ఇవ్వడానికి ఎవరం?

ఇంటివాళ్ళ బాధ్యత

మన ఇళ్ళల్లో జబ్బు పేరు రోగికి తెలియనివ్వరు. "చిన్న గడ్డ, తగ్గిపోతుంది" అంటారు. కీమో వార్డులో చుట్టూ ఉన్న రోగులను చూసి ఆమెకు అంతా అర్థమైపోతుంది. తనకు తెలుసని మీకు చెప్పదు, మీకు తెలుసని తనకు చెప్పరు. ఒకే ఇంట్లో అందరూ ఒంటరి అవుతారు. ఎంత తెలుసుకోవాలనుకుంటే అంత, ప్రేమగా, డాక్టరు సాయంతో చెప్పండి.

భర్తలకు ప్రత్యేకంగా చెబుతున్నాం. జుట్టు రాలినప్పుడు, రొమ్ము తీసేసినప్పుడు భార్య అద్దంలో కంటే ముందు మీ కళ్ళల్లో తనను చూసుకుంటుంది. భార్యల పట్ల ఉత్తమంగా వ్యవహరించేవాడే మీలో ఉత్తముడని ప్రవక్త (స) చెప్పిన మాటకు అసలు పరీక్ష ఆ రోజే.

చూడవచ్చే బంధువులారా! "మా ఊళ్ళో ఒకాయన ఇదే జబ్బుతో పోయాడు" అనే కబుర్లు గడప బయటే వదిలి రండి. ఫర్వాలేదు, ఇది పరిశుద్ధం చేసేదే, అల్లాహ్ తలిస్తే తగ్గుతుందన్న భావం వచ్చేలా ప్రవక్త (స) రోగులను పలకరించేవారు. రెండు ముక్కలు చెప్పి, ఎక్కువ వినండి. వస్తూ ఒక పూట వంట తీసుకురండి. ఆసుపత్రికి ఒకసారి తోడు వెళ్ళండి. ఖర్చు దిగులు కూడా రోగిని తినేస్తుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ పథకాల కాగితాలు చూసిపెట్టే చదువుకున్న యువకుడు మహల్లాకు ఒకడున్నా చాలు. జకాత్‌కు అర్హులైన రోగులను మసీదు కమిటీలు వెతికి ఆదుకోవాలి.

సేవ చేసే మనిషిని కూడా మరచిపోకండి. రాత్రింబవళ్ళు మేలుకొనే కూతురో, కోడలో కూడా కుంగిపోవచ్చు. వారానికి ఒక రోజైనా ఆమెను నిద్రపోనివ్వండి.

ఎవరికి చెప్పాలి?

ముందుగా మీ క్యాన్సర్ డాక్టరుకే చెప్పండి. "నిద్ర లేదు, తిండి సహించడం లేదు, బ్రతకాలనిపించడం లేదు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన అడగలేదని ఊరుకోకండి. 0 నుండి 10 వరకు మీ మనోవేదన ఎంత అని అడిగే ఒక కొలత చాలా దేశాల క్యాన్సర్ వైద్యంలో వాడుకలో ఉంది. 4 లేదా అంతకంటే ఎక్కువైతే మరింతగా విచారిస్తారు. మీరే ఆ అంకె చెప్పి మాట మొదలుపెట్టవచ్చు.

మానసిక వైద్యుడి దగ్గరికి వెళితే పిచ్చి అని ముద్ర పడదు. డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే గుణం లేదని మానేయకూడదు. వాడుతున్న మందులన్నీ ఇద్దరు డాక్టర్లకూ చూపించాలి. ఎందుకంటే రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్ పనిని కొన్ని డిప్రెషన్ మందులు తగ్గిస్తాయి. వాటికి బదులు వేరేవి ఉన్నాయి.

నొప్పి ఉంటే దానికీ వైద్యం కోరండి. దీన్ని పాలియేటివ్ కేర్ అంటారు. నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద హైదరాబాద్‌లో నడుస్తున్న ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ సేవ ఉంది. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మత్తుమందు కదా, హరామ్ కదా అని కొందరు వెనకాడతారు. వ్యసనం కోసం తీసుకునే మత్తు వేరు, డాక్టరు పర్యవేక్షణలో తీవ్రమైన నొప్పికి వాడే మందు వేరు. అవసరమైన చికిత్సకు ధర్మవేత్తలు అనుమతినిచ్చారు.

ఆ రోజు ఆపాతో మేము ఈ సంగతులన్నీ చెప్పలేదు. ఒక్కటే చెప్పాం. "ఆపా, ఈమాన్ పోయినవాళ్ళకు ఈమాన్ పోయిందన్న దిగులు ఉండదు. మీరు ఏడుస్తున్నది అల్లాహ్ కోసమే. మాదే పొరపాటు, మన్నించండి." ఆమె చాలాసేపు మా వైపు చూసింది. మరుసటి వారం కూతురు ఆమెను మానసిక వైద్యుడికి చూపించింది. మందులు పడ్డాయి. నెలన్నర తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు ఆపా కుర్చీలో కూర్చొని అస్ర్ నమాజు చేసుకుంటోంది. జబ్బు ఇంకా ఉంది. చికిత్స ఇంకా నడుస్తోంది. సలామ్ తిప్పాక మా వైపు తిరిగి, "భాయీ, నిన్న రాత్రి కూడా కాస్త ఏడ్చాను. కానీ జానమాజ్ మీదే ఏడ్చాను" అని నవ్వింది.

రోగుల శరీరాలకూ, మనసులకూ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత చేకూర్చుగాక! వారి సేవలో అలసిన చేతులకు బలమిచ్చుగాక! వారి మంచం పక్కన కూర్చునే మనకు ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు మౌనంగా వినాలో నేర్పుగాక! ఆమీన్.